జేర్, జబర్ లేని అక్షరాలు: పాత భాషలు, రాతప్రతులు బైబిల్ వాక్యాల అర్థాన్ని ఎలా మార్చాయి?

ఉర్దూ చదవడం వచ్చినవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. కాఫ్, లామ్ రెండే అక్షరాలు. జబర్ పెట్టి చదివితే 'కల్', అంటే నిన్న లేదా రేపు. పేష్ పెట్టి చదివితే 'కుల్', అంటే మొత్తం. ఉర్దూ పత్రికల్లో జేర్, జబర్, పేష్ సాధారణంగా వేయరు. అయినా మనం తడబడకుండా చదివేస్తాం. బిల్లు చివర ఉంటే 'కుల్' అని, ఉత్తరంలో ఉంటే 'కల్' అని సందర్భమే చెబుతుంది.

ఇప్పుడు ఇలాంటి అక్షరాలతోనే రాసిన ఒక గ్రంథాన్ని ఊహించండి. అచ్చు యంత్రం లేని రోజుల్లో దాన్ని వందల ఏళ్ళపాటు చేత్తోనే నకలు తీశారు. ఒక భాష నుంచి ఇంకో భాషకు, అక్కడి నుంచి మరో భాషకు అనువదించారు. సందర్భం కూడా రెండు రకాల చదువుకూ సరిపోయేలా ఉంటే ఏం జరుగుతుంది? బైబిల్ పండితులు రోజూ తలపట్టుకునే ప్రశ్న ఇదే. గత రెండు వందల ఏళ్ళలో బయటపడిన పాత ప్రతులు చాలా వాక్యాలను మళ్ళీ కొత్తగా చదివించాయి.

ఇది మనకెందుకు అంటారా? రెండు కారణాలున్నాయి. యూసుఫ్, మూసా, దావూద్, ఈసా (అలైహిముస్సలాం) మనకూ ప్రవక్తలే, ఆ పుస్తకంలో ఉన్నదీ వాళ్ళ గాథలే. ఇక రెండోది, 'బైబిల్ మార్చేశారట' అన్న మెసేజ్ మన ఫ్యామిలీ గ్రూపుల్లో ఏడాదికి నాలుగుసార్లైనా తిరుగుతుంది. అందులో ఎంత నిజం, ఎంత అబద్ధం అన్నది తెలియకుండానే దాన్ని పక్కింటి క్రైస్తవ మిత్రుడికి పంపేవాళ్ళూ ఉన్నారు.

మూడు భాషల గ్రంథం

క్రైస్తవులు 'పాత నిబంధన' అనే భాగం ఎక్కువగా హీబ్రూలో ఉంది. దానియేలు, ఎజ్రా గ్రంథాల్లో కొంత భాగం ఆరామిక్‌లో ఉంది. 'కొత్త నిబంధన' మొత్తం గ్రీకులో ఉంది. హజ్రత్ ఈసా (అ.స) జనంతో మాట్లాడిన భాష ఆరామిక్ అని చరిత్రకారులు చెబుతారు. అంటే సువార్తల్లో ఆయన మాటలు మనకు దొరికేది గ్రీకులోనే. 'అబ్బా' లాంటి కొన్ని ఆరామిక్ మాటలు మాత్రం గ్రీకు మధ్యలో అలాగే మిగిలాయి.

హీబ్రూ, ఆరామిక్, అరబీ ఒకే కుటుంబపు భాషలు. మన 'సలామ్' వాళ్ళకు 'షాలోమ్'. మనకు 'మలక్' అంటే దైవదూత, హీబ్రూలో 'మలాఖ్'. గ్రీకు మాత్రం వేరే కుటుంబం. క్రీ.పూ. మూడో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో యూదులు తమ తౌరాత్‌ను గ్రీకులోకి మార్చడం మొదలుపెట్టారు. తర్వాత మిగతా గ్రంథాలూ చేరాయి. ఈ అనువాదాన్ని సెప్టువజింట్ అంటారు. తొలి క్రైస్తవుల్లో ఎక్కువమంది చదివింది దీన్నే.

మంచమా, చేతికర్రా?

ఒక చిన్న ఉదాహరణతో మొదలుపెడదాం. హజ్రత్ యాఖూబ్ (అ.స) చివరి రోజులు. తనను ఈజిప్టులో పాతిపెట్టవద్దని, పూర్వీకుల దగ్గరికి తీసుకెళ్ళమని కుమారుడు యూసుఫ్ (అ.స) చేత ప్రమాణం చేయించుకున్నారు. ఆ తర్వాత ఆయన వంగి ఆరాధించారని బైబిల్ ఆదికాండం 47వ అధ్యాయం చివరి వాక్యం చెబుతుంది. దేని మీద వంగారు?

హీబ్రూలో అక్కడ ఉన్నవి మూడు హల్లులు: మ, ట, హ. 'మిట్టా' అని చదివితే మంచం. 'మట్టే' అని చదివితే చేతికర్ర. హీబ్రూ సంప్రదాయంలో మంచం అని చదివారు. గ్రీకు అనువాదకులు అవే అక్షరాలను చూసి కర్ర అనుకున్నారు. కొత్త నిబంధనలోని హెబ్రీయుల పత్రిక గ్రీకును అనుసరించింది కాబట్టి అక్కడ కర్ర వచ్చింది. ఫలితంగా ఒకే బైబిల్లో ముందు మంచం, వెనుక కర్ర! ఎవరూ కావాలని మార్చలేదు. ముసలివాడు మంచం తలాపి మీద వాలినా, కర్ర మీద ఆనినా సందర్భానికి రెండూ సరిపోతాయి. గోల అంతా జేర్, జబర్ లేకపోవడం వల్లే.

ఈ సమస్యను గుర్తించిన యూదు పండితులు అక్షరాల కింద, పైన గుర్తులు పెట్టే పద్ధతిని తయారుచేశారు. వాళ్ళను మసోరెట్లు అంటారు. క్రీ.శ. ఏడు నుంచి పదో శతాబ్దం దాకా సాగిన ఈ పనికి ముఖ్య కేంద్రం గలిలయ సరస్సు ఒడ్డున ఉన్న తిబెరియ పట్టణం. ఆ కాలంలో అది ముస్లింల పాలనలో ఉంది. పూర్తిగా మిగిలిన అతి పాత హీబ్రూ బైబిల్ ప్రతి క్రీ.శ. 1008 నాటిది. దాన్ని రాసింది ఫాతిమీల పాలనలోని కైరోలో. ఇప్పుడది రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. యూదుల గ్రంథం అంత జాగ్రత్తగా భద్రమైంది ముస్లిం నగరాల్లో అన్న మాట మన పిల్లలకు చెప్పదగ్గదే.

హజ్రత్ మూసా తలపై కొమ్ములు

రోమ్ నగరంలో సాన్ పియెట్రో ఇన్ వింకోలి అనే చర్చి ఉంది. అక్కడ మైకెలాంజెలో చెక్కిన మోషే విగ్రహం తలపై రెండు కొమ్ములు కనిపిస్తాయి. శిల్పి ఎగతాళికి పెట్టినవి కావు. ఆయన కాలపు బైబిల్లో అలాగే ఉంది.

తూర్ కొండ దిగి వస్తున్నప్పుడు మూసా (అ.స) ముఖం ఎలా ఉందో నిర్గమకాండం 34వ అధ్యాయం చెబుతుంది. అక్కడ వాడిన హీబ్రూ క్రియ 'ఖరన్'. దానికి దగ్గరి మాట 'ఖెరెన్', అంటే కొమ్ము. క్రీ.శ. 400 ప్రాంతంలో బెత్లెహేములో కూర్చుని లాటిన్ అనువాదం చేసిన జెరోమ్ దాన్ని 'కొమ్ములున్న' అనే మాటతో అనువదించాడు. అంతకుముందే గ్రీకు అనువాదకులు దాన్ని మహిమ పొందడంగా అర్థం చేసుకున్నారు. ఈనాటి పండితుల్లో ఎక్కువమంది చెప్పే అర్థం 'ముఖం నుంచి కాంతి కిరణాలు వెలువడ్డాయి' అని.

కొమ్ముకూ కిరణానికీ ఏం సంబంధం అని అడిగితే, అరబీ తెలిసినవాళ్ళే బాగా జవాబు చెప్పగలరు. అరబీలో కొమ్ము 'ఖర్న్'. సూరా కహఫ్‌లోని జుల్‌ఖర్నైన్ పేరులో ఉన్నది ఈ మాటే. సూర్యుడు ఉదయించేటప్పుడు మొదట కనిపించే అంచును అరబీ నిఘంటువులు 'ఖర్నుష్షమ్స్' అంటాయి, అంటే సూర్యుడి కొమ్ము. బైబిల్లోనే హబక్కూకు మూడో అధ్యాయంలో ఇదే మాట కాంతికి వాడారు. చెల్లెలి భాష తెలిస్తే అక్క భాషలోని ముడి విడిపోయిందన్నమాట.

ఈ ఒక్క మాట ఖరీదు చిన్నది కాదు. మధ్యయుగపు ఐరోపాలో కొమ్ముల మోషే బొమ్మలు చర్చి గోడలెక్కాయి. యూదులకు కొమ్ములుంటాయన్న దుష్ప్రచారానికి ఇలాంటి బొమ్మలు కూడా తోడయ్యాయని చరిత్రకారులు అంటారు. ఒక ప్రవక్త ముఖకాంతిని చెప్పిన మాట, ఒక జాతిని ద్వేషించడానికి సాయపడింది.

'అల్మా' అంటే ఎవరు?

అన్నింటికన్నా ఎక్కువ గొడవ జరిగింది యెషయా 7వ అధ్యాయం 14వ వాక్యం దగ్గర. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దంలో యూదా రాజు ఆహాజు మీదికి ఇద్దరు రాజులు దండెత్తి వచ్చారు. అప్పుడు ప్రవక్త యెషయా ఒక గుర్తు చెప్పాడు: ఒక 'అల్మా' కొడుకును కంటుంది. హీబ్రూలో 'అల్మా' అంటే పెళ్ళీడు యువతి. అరబీ 'గులామ్' కూడా ఈ మూలం నుంచి వచ్చిందే, అసలు అర్థం కుర్రవాడు. కన్య అని ప్రత్యేకంగా చెప్పాలంటే హీబ్రూలో 'బెతూలా' అనే మాట ఉంది. ఇది మన చెవులకు పరిచయమే. హజ్రత్ మర్యమ్‌కు, హజ్రత్ ఫాతిమాకు ఉన్న బిరుదు 'బతూల్' దీనికి సోదర పదం.

గ్రీకు అనువాదకులు 'అల్మా' దగ్గర 'పార్థెనోస్' అని రాశారు. దానికి సాధారణంగా కన్య అనే అర్థం. మత్తయి సువార్త మొదటి అధ్యాయం ఈ గ్రీకు మాటనే తీసుకుని ఈసా (అ.స) జననానికి అన్వయించింది. హీబ్రూ ప్రకారం అది ఆహాజు కాలపు సంగతే అని యూదులు, రానున్న కన్యా జననం గురించే అని క్రైస్తవులు శతాబ్దాలు వాదించుకున్నారు. 1952లో అమెరికాలో వచ్చిన కొత్త ఇంగ్లీషు అనువాదం అక్కడ 'యువతి' అని వేస్తే, ఒక పాస్టర్ ఆ పేజీని అందరి ముందూ తగలబెట్టాడు.

ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. మర్యమ్ (అ.స) కన్యగానే ఈసాను కన్నదని మనమూ నమ్ముతాం. మన నమ్మకం యెషయా వాక్యం మీద ఆధారపడింది కాదు, ఖుర్ఆన్ మీద. కాబట్టి ఒక పాత వాక్యంలో మాట అర్థం వేరు అని తేలినంత మాత్రాన ఆ సంఘటనే జరగలేదని తేలదు. మాట అర్థం ఒక ప్రశ్న, నమ్మకం ఇంకో ప్రశ్న. రెండూ కలిపేస్తేనే గొడవ.

గుహలో దొరికిన జాడీలు

1947 దాకా పండితుల దగ్గర ఒక పెద్ద లోటు ఉండేది. చేతిలో ఉన్న పూర్తి హీబ్రూ ప్రతి వెయ్యేళ్ళ కిందటిది. అసలు గ్రంథాలు రెండు వేల ఏళ్ళ పైమాట. మధ్యలో ఏం జరిగిందో చెప్పేదెవరు?

ఆ సమయంలో మృత సముద్రం దగ్గర ఖుమ్రాన్ కొండల్లో తఆమిరా తెగకు చెందిన బెదూయిన్ గొర్రెల కాపరులకు ఒక గుహలో మట్టి జాడీలు కనిపించాయి. లోపల తోలు చుట్టలు. 1956 లోపు పదకొండు గుహల్లో సుమారు తొమ్మిది వందల ప్రతుల ముక్కలు దొరికాయి. వాటిలో రెండు వందలకు పైగా బైబిల్ గ్రంథాలవి. అన్నింటిలో గొప్పది యెషయా చుట్ట. ఏడు మీటర్లకు పైగా పొడవు, 54 నిలువు వరుసలు, మొత్తం 66 అధ్యాయాలు. క్రీ.పూ. రెండో శతాబ్దం నాటిది. అంటే కైరో ప్రతికన్నా వెయ్యేళ్ళు పాతది.

పోల్చి చూస్తే రెండు రకాల ఫలితాలు వచ్చాయి. ఒకటి, యెషయా చుట్ట చాలావరకు వెయ్యేళ్ళ తర్వాతి ప్రతితో కలిసింది. తేడాల్లో ఎక్కువ స్పెల్లింగు తేడాలే. పైన చెప్పిన 'అల్మా' కూడా అలాగే ఉంది. రెండోది, కొన్ని గ్రంథాల దగ్గర నిజంగానే తేడాలు బయటపడ్డాయి. యిర్మీయా గ్రంథం గ్రీకులో హీబ్రూకన్నా సుమారు ఎనిమిదో వంతు చిన్నది. గ్రీకువాళ్ళు కత్తిరించారేమో అనుకునేవారు. ఖుమ్రాన్‌లో ఆ చిన్న రూపానికి సరిపోయే హీబ్రూ ముక్క కూడా దొరికింది. అంటే ఆ రోజుల్లోనే ఆ గ్రంథం రెండు రూపాల్లో తిరిగింది.

ఇంకొకటి మనకు బాగా తెలిసిన కథ. హజ్రత్ దావూద్ (అ.స) చేతిలో చచ్చిన జాలూత్, బైబిల్లో గొల్యాతు. వాడి ఎత్తు ఎంత? ప్రచారంలో ఉన్న హీబ్రూ పాఠంలో ఆరు మూరల ఒక జాన, అంటే తొమ్మిది అడుగులకు పైనే. ఖుమ్రాన్‌లో దొరికిన సమూయేలు ప్రతిలో నాలుగు మూరల ఒక జాన, అంటే ఆరున్నర అడుగులు దాటిన మనిషి. పాత గ్రీకు ప్రతులూ నాలుగే అంటాయి. కథ చెప్పగా చెప్పగా జాలూత్ పెరిగాడని చాలామంది పండితుల అంచనా. కథలోని నీతి మాత్రం పెరగలేదు, తగ్గలేదు.

తూర్ కొండ పాదాన దొరికిన ప్రతి

కొత్త నిబంధన విషయానికొస్తే, చేతిరాత గ్రీకు ప్రతులే ఐదు వేలకు పైగా ఉన్నాయి. ముక్కలు, పేజీలు, పుస్తకాలు అన్నీ కలిపి. వాటిలో గొప్ప పేరున్నది సినాయ్ ప్రతి. నాలుగో శతాబ్దం నాటిది. ఈజిప్టులో జబలె మూసా పాదాన ఉన్న సెయింట్ కాథరిన్ మఠంలో దీన్ని జర్మన్ పండితుడు టిషెన్‌డార్ఫ్ 1844లో మొదట చూశాడు. 1859 తర్వాత దానిలో ఎక్కువ భాగం రష్యా చేరింది. 1933లో సోవియట్ ప్రభుత్వం నుంచి బ్రిటన్ లక్ష పౌండ్లకు కొన్నది. ఆ మఠం ఆవరణలో ఫాతిమీల కాలపు మసీదు కూడా ఉంది. అది ఇప్పటికీ నిలిచే ఉంది.

ఈ పాత ప్రతులతో పోల్చాక మూడు చోట్ల పెద్ద ప్రశ్నలు లేచాయి.

మొదటిది మార్కు సువార్త ముగింపు. సినాయ్ ప్రతిలోనూ, రోమ్‌లోని వాటికన్ ప్రతిలోనూ అది 16వ అధ్యాయం 8వ వాక్యంతోనే ఆగిపోతుంది. తర్వాతి పన్నెండు వాక్యాలు లేవు. విశ్వాసులు పాములను పట్టుకుంటారని, విషం తాగినా ఏమీ కాదని చెప్పేది ఆ పన్నెండు వాక్యాల్లోనే. అమెరికాలోని అపలాచియన్ కొండ ప్రాంతంలో కొన్ని చిన్న చర్చిలు దీన్ని అక్షరాలా తీసుకుని ప్రార్థనలో నిజమైన విషసర్పాలను చేత పట్టుకుంటాయి. 2014లో కెంటకీ రాష్ట్రంలో ఒక పాస్టర్ అలాగే కాటుకు గురై చనిపోయాడు. రాతప్రతుల చర్చ లైబ్రరీలో ముసలి ప్రొఫెసర్ల కాలక్షేపం అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

రెండోది యోహాను సువార్తలో వ్యభిచారం కేసులో పట్టుబడ్డ స్త్రీ కథ. పాపం చేయనివాడు మొదటి రాయి వేయాలన్న ప్రసిద్ధమైన మాట అక్కడిదే. అతి పాత గ్రీకు ప్రతుల్లో ఈ కథ లేదు. చాలామంది క్రైస్తవ పండితులు కూడా ఇది యోహాను రాసిన పుస్తకంలో మొదట లేదని ఒప్పుకుంటారు. అయితే ఇది కల్పితం కాదు, నోటి మాటగా తిరిగిన పాత జ్ఞాపకమే అయి ఉండొచ్చని కొందరు అంటారు.

మూడోది యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయం 7వ వాక్యం. పరలోకంలో తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ ముగ్గురు సాక్షులని, ముగ్గురూ ఒక్కటేనని చెప్పే భాగం. ఇది పాత గ్రీకు ప్రతుల్లో లేదు. లాటిన్ ప్రతుల నుంచి వచ్చింది. ఎరాస్మస్ 1516లో అచ్చు వేసిన గ్రీకు పుస్తకంలో ఇది లేకపోతే గగ్గోలు పుట్టింది. ఇది ఉన్న ఒక గ్రీకు ప్రతి అప్పుడే కనిపించడంతో 1522 నాటి మూడో ముద్రణలో చేర్చాడు. ఆ ప్రతి కూడా పదహారో శతాబ్దంలో రాసిందే. అలా 1611 నాటి ఇంగ్లీషు బైబిల్‌లోకీ వెళ్ళింది. ఇప్పుడు వచ్చే అనువాదాల్లో ఎక్కువ భాగం దాన్ని తీసేశాయి లేదా అడుగున గమనికలో పెట్టాయి. నిజాయితీగా చెప్పాలంటే, క్రైస్తవుల త్రిత్వ సిద్ధాంతం ఈ ఒక్క వాక్యం మీద నిలబడలేదు. అది నాలుగో శతాబ్దపు మహాసభల్లోనే, ఈ వాక్యంతో పని లేకుండానే రూపుదిద్దుకుంది. మనం ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోం, అది వేరే మాట.

తప్పును పట్టుకునేది ఎలా?

కామర్స్ చదివినవాళ్ళకు ఈ పద్ధతి సులువుగా అర్థమవుతుంది. ఒక కంపెనీకి నాలుగు బ్రాంచీలున్నాయి. అసలు లెడ్జర్ కాలిపోయింది. నాలుగు నకళ్ళు మిగిలాయి. రెండు నకళ్ళలో ఒకే చోట ఒకే తప్పు ఉంటే, ఆ రెండూ ఒకే పుస్తకం చూసి రాసినవని తేలుతుంది. అప్పుడు అవి ఇద్దరు సాక్షులు కాదు, ఒక్క సాక్షే. అందుకే పండితులు ప్రతులను లెక్కపెట్టరు, తూచుతారు. ఏది పాతది, ఏది ఎంత దూరపు ప్రాంతాల్లో కనిపిస్తోంది, ఏది దేనిని చూసి రాసింది అని చూస్తారు.

రాసేవాళ్ళు చేసే తప్పులూ పెద్ద వింతవి కావు. రెండు పంక్తులు ఒకే మాటతో ముగిస్తే కన్ను జారి మధ్య పంక్తి పోతుంది. ఎవరో అంచున రాసుకున్న వివరణను తర్వాతివాడు అసలు పాఠమనుకుని లోపల కలిపేస్తాడు. కష్టమైన మాటను తేలికైన మాటగా మారుస్తాడు. అందుకే రెండు పాఠాల్లో కష్టంగా ఉన్నదే సాధారణంగా అసలుది అన్నది ఒక సూత్రం. తేలికైనదాన్ని కష్టం చేసేవాడు అరుదు కదా.

ఇప్పుడు యంత్రాలూ సాయపడుతున్నాయి. మృత సముద్రం ఒడ్డునే ఎన్‌గెదీలో 1970లో దొరికిన ఒక చుట్ట బొగ్గులా కాలిపోయి, ముట్టుకుంటే పొడి అయ్యేలా ఉంది. స్కానింగ్ చేసి, దాన్ని విప్పకుండానే కంప్యూటర్‌లో విప్పి 2016లో చదివారు. లేవీయకాండం మొదటి అధ్యాయాలు. అక్షరాలు మసోరెట్ల పాఠంతో పూర్తిగా సరిపోయాయి. మార్పులు చూపించే ప్రతులు ఎంత నిజమో, మారలేదని చూపించే ప్రతులూ అంతే నిజం.

ఆగ్రా చర్చ, మన పెద్దల మాట

ఈ విషయం హిందుస్థాన్‌కు కొత్త కాదు. 1854 ఏప్రిల్‌లో ఆగ్రాలో మౌలానా రహ్మతుల్లా కైరానవీకి, జర్మన్ మిషనరీ ఫాండర్‌కు రెండు రోజులు బహిరంగ చర్చ జరిగింది. మౌలానా పక్కన డాక్టర్ వజీర్ ఖాన్ ఉన్నారు. ఆయన ఇంగ్లండ్‌లో చదివినప్పుడు అక్కడి క్రైస్తవ పండితులే రాసిన బైబిల్ పరిశోధన పుస్తకాలు వెంట తెచ్చుకున్నారు. ఫాండర్‌కు ఆ కొత్త పరిశోధనల మీద అంత పట్టు లేదు. పైన చెప్పిన యోహాను పత్రిక వాక్యంతో సహా కొన్ని చోట్ల మార్పులు జరిగాయని ఆయన ఒప్పుకోవాల్సి వచ్చింది, అయితే వాటితో అసలు బోధ చెడలేదన్నాడు. మౌలానా గెలుపు నినాదాలతో వచ్చింది కాదు, చదువుతో వచ్చింది.

అసలు 'తహ్రీఫ్' అంటే ఏమిటన్న దాని మీద మన ఉలమాలది కూడా ఒకే మాట కాదు. స్పెయిన్‌కు చెందిన ఇబ్నె హజ్మ్ పాఠమే మారిందని గట్టిగా వాదించారు. ఢిల్లీకి చెందిన షా వలీవుల్లా తన 'అల్ ఫౌజుల్ కబీర్'లో మార్పు అనువాదంలోనూ వ్యాఖ్యానంలోనూ జరిగిందనే వైపు మొగ్గారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కూడా అదే దారిలో, 1862లో బైబిల్ మీద ఒక వ్యాఖ్యానమే మొదలుపెట్టారు. మంచం, కర్ర, కొమ్ముల ఉదాహరణలు షా వలీవుల్లా మాటకు దగ్గరగా ఉన్నాయి. మార్కు ముగింపు, యోహాను పత్రిక ఉదాహరణలు ఇబ్నె హజ్మ్ మాటకు దగ్గరగా ఉన్నాయి. రెండూ చూసినవాడే పూర్తిగా చూసినట్టు.

ప్రవక్త (స.అ.స) కాలంలోనూ ఈ ప్రశ్న వచ్చింది. అహలె కితాబ్ కొందరు తౌరాత్‌ను హీబ్రూలో చదివి, ముస్లింలకు అరబీలో వివరించేవారు. వాళ్ళు చెప్పింది నిజమనీ అనవద్దు, అబద్ధమనీ అనవద్దు అన్న భావంతో హదీసు బుఖారీలో ఉంది. మరోవైపు జైద్ బిన్ సాబిత్ (రజి)ను యూదుల లిపి నేర్చుకోమని ఆయనే పురమాయించారని, ఆయన కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నారని తిర్మిజీలో ఉంది. తెలియనిచోట తొందరపడొద్దు, తెలుసుకోవాలంటే భాష నేర్చుకో. ఇంతకన్నా సూటి సలహా ఏముంటుంది?

ఫార్వర్డ్ నొక్కే ముందు

టర్కీలో పదిహేను వందల ఏళ్ళ నాటి బైబిల్ దొరికిందని, అది బర్నబాస్ సువార్త అని, అందులో మన ప్రవక్త రాక గురించి ఉందని బంగారు అక్షరాల ఫోటోతో ఒక మెసేజ్ 2012 నుంచి తిరుగుతూనే ఉంది. అంకారాలో సిరియాక్ భాషలో ఉన్న ఒక తోలు పుస్తకం ప్రభుత్వం చేతికి వచ్చిన మాట నిజం. అది బర్నబాస్ సువార్త అని ఎవరూ నిరూపించలేదు. సిరియాక్ తెలిసినవాళ్ళు ఫోటోలోని రాత చదివి, దాని మీదే క్రీ.శ. 1500 అని ఉందన్నారు. ఆ లెక్కన పుస్తకం వయసు ఐదు వందల ఏళ్ళు.

ఇక బర్నబాస్ సువార్త అనే పుస్తకం మనకు దొరికింది ఇటాలియన్, స్పానిష్ ప్రతుల్లో మాత్రమే. యూదుల జూబిలీ యాభై ఏళ్ళకు ఒకసారి అయితే అందులో వంద ఏళ్ళకని ఉంది. వందేళ్ళ జూబిలీ అనేది పోప్ 1300లో ప్రకటించిన సంగతి. కొండ మీది ఊరైన నజరేతుకు పడవలో వెళ్ళినట్టూ ఉంది. బైబిల్ పాఠాలను ఏ పద్ధతితో పరీక్షించామో అదే పద్ధతి పెడితే ఈ పుస్తకం నిలబడదు. మనకు నచ్చిన మాట ఉందని వదిలేస్తే అది పరిశోధన అనిపించుకోదు.

మోసపోవడం ఒక్క మన సొత్తేమీ కాదు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని బైబిల్ మ్యూజియం తాను సేకరించిన పదహారు మృత సముద్రపు ముక్కలూ నకిలీవేనని 2020లో ప్రకటించింది. వాళ్ళు దాచలేదు, పరీక్ష చేయించి బయటపెట్టారు. అది మెచ్చుకోవాల్సిన పని.

కాబట్టి ఇలాంటి మెసేజ్ వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఏ ప్రతి, ఏ కాలం, ఇప్పుడు ఎక్కడుంది? తేడా అక్షరాల్లోనా, అనువాదంలోనా, వ్యాఖ్యానంలోనా? దీన్ని చదివిన మనిషికి ఆ భాష వచ్చా? జవాబు లేకపోతే వేలు ఆపండి. వార్త తెచ్చినవాడిని నమ్మే ముందు నిర్ధారించుకోమని సూరా హుజురాత్ చెబుతున్నది వాట్సాప్‌కూ వర్తిస్తుంది.

ఒకే తూకం

చివరగా ఒక మాట. రాతప్రతుల ప్రశ్నలు మన పిల్లలను కూడా అడుగుతారు. కాలేజీలో, ఆఫీసులో, ఆన్‌లైన్‌లో. ఖుర్ఆన్ తొలి ప్రతుల్లోనూ జేర్, జబర్ లేవు, చుక్కలూ తక్కువే. సూరా ఫాతిహాలో 'మాలిక్' అని మనం చదివే చోట 'మలిక్' అని చదివే ఖిరాఅత్ కూడా ఉంది. ఒకదానికి యజమాని, మరోదానికి రాజు అని అర్థం. రెండూ ఉలమా ఒప్పుకున్నవే. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలోని రెండు పత్రాల తోలు క్రీ.శ. 568, 645 మధ్యదని కార్బన్ పరీక్షలో తేలినట్టు 2015లో ప్రకటించారు. వాటిలో సూరా మర్యమ్ ఆయతులూ ఉన్నాయి, అవి ఈనాటి పాఠంతో కలుస్తాయి. సన్ఆలోని పెద్ద మసీదులో 1972లో దొరికిన ప్రతుల్లో ఒకదాని అడుగు పొరలో కొన్ని పదాల తేడాలు ఉన్న సంగతీ పరిశోధకులు రాశారు. రాతతో పాటు కంఠస్థం చేసే హాఫిజుల పరంపర ఉండటమే మన గ్రంథ భద్రతకు మూలమని ఉలమా జవాబిస్తారు. ఈ విషయాలు పిల్లలు మొదట ఇంట్లో వింటే ధైర్యంగా ఉంటారు. బయట ఎగతాళిగా వింటే కంగారు పడతారు.

తూకంలో తమకు ఒకలా, ఎదుటివాడికి ఒకలా కొలిచేవాళ్ళను సూరా ముతఫ్ఫిఫీన్ గట్టిగా హెచ్చరించింది. అది గోధుమలకే కాదు, గ్రంథాలకూ వర్తిస్తుందని అనుకుంటే తప్పు కాదు. అహలె కితాబ్‌తో మాట్లాడాల్సి వస్తే మంచి పద్ధతిలోనే మాట్లాడమని సూరా అన్‌కబూత్ 46వ ఆయత్ చెబుతుంది. మీ పక్కింటి క్రైస్తవ కుటుంబంతో ఈసారి ఈ ప్రసక్తి వస్తే, 'మీ బైబిల్ మార్చేశారట కదా' అని మొదలుపెట్టకండి. యాఖూబ్ (అ.స) వాలింది మంచం మీదనా, కర్ర మీదనా అని అడిగి చూడండి. చాయ్ చల్లారేదాకా మాట్లాడుకోవచ్చు. రెండు ఇళ్ళూ ఏదో ఒకటి కొత్తగా నేర్చుకుంటాయి.